జీతాల పుస్తకం పక్కన ఆరోగ్య లెక్క – 4వ పాఠం: ఎనిమిది నెలల క్లెయిముకి పన్నెండు నెలల ప్రీమియం కొలత కాదు

మిల్లుల్లో జీతాల లెక్కలు చూసేవాళ్లకి పనివాళ్ల గ్రూప్ ఆరోగ్య బీమా లెక్క నేర్పే పాఠాలివి. ఈసారి వయసుల పట్టిక వేయడం నేర్పుతానని రాశాను. నేర్పుతాను. కానీ ముందు మూడో పాఠంలో జరిగిన పొరపాటు సరిచేయాలి. అభ్యాసం చేసి పంపినవాళ్లలో గుణుపురం వాళ్లు, పర్లాకిమిడి వాళ్లు, బరంపురం వాళ్లు అందరూ దాదాపు ఒకే చోట కాలు జారారు. ఆ లెక్క పట్టుకుని షావుకారు దగ్గరకు వెళితే మీ మాట నమ్మి ఆయన నష్టపోతాడు. అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

పోయినసారి ఇచ్చిన లెక్క ఇది. ముప్ఫైమంది పనివాళ్లున్న మిల్లు, కుటుంబాలతో కలిపి 104 మంది. ఏప్రిల్ 1న గ్రూప్ పాలసీ మొదలైంది, ప్రీమియం 6,00,000. నవంబర్ 30 నాటికి టీపీఏ (బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) పంపిన రిపోర్టులో చెల్లించిన క్లెయిములు 3,30,000, పెండింగులో ఉన్నవి 90,000. క్లెయిమ్ శాతం, అంటే ప్రీమియంలో క్లెయిములకు పోయిన వంతు, ఎంత?

చాలామంది 4,20,000ని 6,00,000తో భాగించి 70 శాతం అని రాశారు. ఒకరైతే పక్కన "మన పాలసీ లాభంలో ఉంది, రేటు తగ్గించమని అడగవచ్చు" అని కూడా రాశారు.

ఇంట్లో బియ్యం సంగతి చూడండి. నెలకు ముప్ఫై కిలోలు తెచ్చుకున్నారు. ఇరవయ్యో తారీఖుకి ఇరవై ఒక్క కిలోలు అయిపోయాయి. మీ ఇంటావిడ "ఇంకా తొమ్మిది కిలోలు ఉన్నాయి, డెబ్బై శాతమే వాడాం" అని ఊరుకుంటుందా? ఇరవై రోజులకు ఇరవై కిలోలే వాటా, ఒక కిలో ఎక్కువైంది, నెలాఖరుకి తక్కువ పడుతుంది అంటుంది. ప్రీమియం కూడా అంతే. ఏడాదికి కట్టిన ఆరు లక్షల్లో ఎనిమిది నెలలకు ఖర్చు రాయాల్సిన వాటా నాలుగు లక్షలే. ఆ నాలుగు లక్షలని ఎర్న్‌డ్ ప్రీమియం అంటారు. 4,20,000ని 4,00,000తో భాగిస్తే 105 శాతం. పాలసీ నష్టంలో ఉంది.

రోజుల లెక్కన చేస్తే ఏప్రిల్ 1 నుంచి నవంబర్ 30 వరకు 244 రోజులు, 365లో ఆ వంతు 4,01,096 అవుతుంది, శాతం 104.7 వస్తుంది. నేను నెలల లెక్కే వేస్తాను. అంత తేడాకి ఎవరూ బేరం ఆడరు. మధ్యలో చేరినవాళ్లు, మానేసినవాళ్లు ఎక్కువగా ఉంటే మాత్రం రోజుల లెక్క తప్పదు.

పెండింగు 90,000ని వదిలేసినవాళ్లు కూడా ఉన్నారు. వదలకూడదు. అసలు రిపోర్టులోకే రానివి ఇంకా ఉంటాయి. నవంబర్ 26న విశాఖలో ఆపరేషన్ చేయించుకుని సొంత డబ్బు కట్టినవాడి బిల్లు డిసెంబర్‌లో కదా వస్తుంది. మనది ఒడిశా, ఆంధ్ర సరిహద్దు ప్రాంతం. రాయగడ నుంచైనా గుణుపురం నుంచైనా పెద్ద వైద్యానికి విశాఖకే పోతాం, కాగితాలు ఆలస్యంగానే చేరతాయి. కాబట్టి మన రిపోర్టు ఎప్పుడూ ఉన్నదానికంటే కొంచెం మంచిగా కనిపిస్తుంది.

ఇప్పుడు కొటేషన్ ఎలా తయారవుతుందో చూడండి. ఎనిమిది నెలలకు 4,20,000 అంటే ఏడాదికి 6,30,000. వచ్చే ఏడాది ఆసుపత్రి ఖర్చులు పది శాతం పెరుగుతాయని వేసుకుంటే 6,93,000. ప్రతి వంద రూపాయల ప్రీమియంలో ఎనభై మాత్రమే క్లెయిములకు పోవాలని కంపెనీ అనుకుంటే 8,66,250 అడుగుతుంది. ఈ పది, ఎనభై నేను పాఠం కోసం పెట్టుకున్నవి. మీ బ్రోకరుని అడిగి మీవి వేసుకోండి. దానిమీద 18 శాతం జీఎస్టీతో కలిపి 10,22,175. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలకు జీఎస్టీ తీసేశారు. గ్రూప్ పాలసీకి తీయలేదు. చట్టం తప్పనిసరి చేసిన సందర్భంలో తప్ప, కట్టిన ఆ పన్నుని మిల్లు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకునే ఇన్‌పుట్ క్రెడిట్ కూడా రాదు. చాలా మిల్లుల్లో ఈ పన్ను బడ్జెట్‌లో రాయడం మరిచిపోతారు.

ఇక వయసుల పట్టిక. నియమం ఒక్కటే: సగటు వయసు వేయవద్దు.

రేట్లు పాఠం కోసం ఇలా అనుకుందాం. 35 లోపు మనిషికి 3,000. 36 నుంచి 45 వరకు 4,500. 46 నుంచి 55 వరకు 8,000. 56 పైన 14,000. మన మిల్లు పనివాళ్లు (కుటుంబాలు కాకుండా) ఈ నాలుగు వరుసల్లో పన్నెండుమంది, ఆరుగురు, ఏడుగురు, అయిదుగురు. సగటు వయసు సుమారు 41. సగటుతో లెక్క వేస్తే ముప్ఫైమందికి 4,500 చొప్పున 1,35,000. వరుసల వారీగా వేస్తే 36,000, 27,000, 56,000, 70,000 కలిపి 1,89,000. తేడా 54,000. వయసు మెట్టుమెట్టుగా పెరుగుతుంది, ఖర్చు చివరి మెట్ల దగ్గర ఒక్కసారిగా లేస్తుంది. కుర్రవాడి తక్కువ ఖర్చు పెద్దవాడి ఎక్కువ ఖర్చుని పూడ్చలేదు.

ఐదేళ్లు ముందుకు జరపండి. కొత్తవాళ్లెవరూ దొరక్క, పెద్దవాళ్లని కూడా ఉంచుకుంటే అదే ముప్ఫైమందికి ఈనాటి రేట్లలోనే సుమారు 2,52,000 అవుతుంది. మూడోవంతు పెరుగుదల, ఒక్క రేటు కూడా పెరగకుండానే. మన మిల్లుల్లో జరుగుతున్నది ఇదే. బాయిలర్ దగ్గర నిలబడే మనిషికి యాభై ఏడు. అతని కొడుకు హైదరాబాదులో ఉన్నాడు. ఆ బాయిలర్ చప్పుడు విని వాల్వు ఎప్పుడు తిప్పాలో చెప్పగలవాడు మరొకడు లేడు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఈఎస్‌ఐ (కార్మికులకు వైద్యం ఇచ్చే ప్రభుత్వ బీమా) జీతం పరిమితి 2017 జనవరి నుంచి నెలకు 21,000 దగ్గరే ఉంది. యజమాని 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం కడతారు. ఇరవై ఏళ్లు పనిచేసిన ఫిట్టరు జీతం 20,600. ఏప్రిల్ 1న ఆరువందలు పెంచారు. 21,200 అయింది, ఈఎస్‌ఐ నుంచి బయటికి వచ్చేశాడు. అంటే సరిగ్గా మోకాళ్లు, బీపీ, షుగరు మొదలయ్యే వయసులో ఆరువందల కోసం ఆ వైద్యం పోగొట్టుకుంటాడు. అప్పటిదాకా కట్టిన చందాకి వైద్యం కొన్ని నెలలు కొనసాగుతుంది, కానీ అది ముగిసేలోపు గ్రూప్ పాలసీలో అతని పేరు ఎక్కించకపోతే మధ్యలో ఖాళీ పడుతుంది. ఇంక్రిమెంట్ కాగితం మీద సంతకం పడకముందే అతని పేరు పాలసీలో చేర్చమనే ఎండార్స్‌మెంట్ మెయిల్ పోవాలి. నేనైతే రెండూ ఒకే కవరులో పెడతాను. (మే నెలలో పెంచితే సెప్టెంబర్ 30 వరకు ఈఎస్‌ఐ కట్టాల్సిందే, రెండో పాఠం చూడండి.)

పెద్దవాళ్ల వల్లే ప్రీమియం పెరిగింది, వాళ్లని కాంట్రాక్టులోకి మార్చేద్దాం అనే మాట మీరు వినే ఉంటారు. ఒప్పుకోకముందు ఆ 4,20,000ని విడదీయండి. మన ఉదాహరణలో యాభై ఏడేళ్ల ఒకాయనకి స్టెంటు వేసినందుకు 1,80,000. కుర్రవాళ్ల అమ్మానాన్నలకు కంటి ఆపరేషన్లు, మోకాళ్లు 1,40,000. ఒక కాన్పు 60,000. చిల్లర 40,000. స్టెంటు ఏటా రాదు. తల్లిదండ్రుల ఖర్చు ఏటా వస్తుంది, అది పాలసీలో ఉన్నది పాతికేళ్ల కుర్రవాడి పేరు మీద. పెద్దవాళ్లని పంపేసినా ఆ 1,40,000 పోదు.

దాన్ని తగ్గించే దారులు ఉన్నాయి. తల్లిదండ్రుల క్లెయిములో ఇరవై శాతం వాళ్లే భరించేలా పెట్టవచ్చు. డెబ్బై నిండినవాళ్లకి 2024 అక్టోబర్ చివర్లో మొదలైన ఆయుష్మాన్ భారత్ వయ వందన కార్డు కింద ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఉంది. ఒడిశా 2025లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. ఆ పథకంలో ఉన్న ఆసుపత్రి వేరే రాష్ట్రంలో ఉన్నా చెల్లుతుంది. ముందు ఆ కార్డులు చేయించండి. గది అద్దె పరిమితి తగ్గించి ప్రీమియం తగ్గిస్తామంటే మాత్రం నేను ఒప్పుకోను. పరిమితి 3,000 ఉండి 6,000 గదిలో చేరితే, డాక్టరు ఫీజుతో సహా చాలా పద్దులు సగానికి కోస్తారు. అదంతా రోగి జేబులోంచే పోతుంది.

ఇంకొకటి. నేను లెక్కలు చూసిన ఒక మిల్లులో ఒక ఫిట్టరుకి రాత్రి గుండెనొప్పి వచ్చింది. రాయగడ స్టేషన్‌లో రైలెక్కించి విశాఖ తీసుకెళ్లారు. తీసుకెళ్లిన ఆసుపత్రి మా పాలసీ జాబితాలో (ముందుగా డబ్బు కట్టించుకోకుండా వైద్యం చేసే ఆసుపత్రుల జాబితా) లేదు. అడ్వాన్సు కట్టడానికి ఆయన భార్య మెడలోని గొలుసు తీసి బల్లమీద పెట్టింది. పాలసీ ఉంది, ప్రీమియం కట్టాం, రసీదు నా ఫైల్లోనే ఉంది. జాబితా నేను చదవలేదు. తర్వాత డబ్బు తిరిగి వచ్చింది, మూడు నెలలకి. అప్పటినుంచి కొటేషన్‌లో రేటు చూడకముందు విశాఖ ఆసుపత్రుల పేజీ చూస్తున్నాను.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల కింద నలభై దాటిన కార్మికులకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష చేయించాలి. దాన్ని ఖర్చుగా చూడకండి. బీపీ ముందే తెలిస్తే స్టెంటు దాకా పోకుండా ఆపే అవకాశం ఉంది. జీతం నిర్వచనం కూడా మారింది, దానికి వేరే పాఠం కావాలి.

అభ్యాసం. ఈసారి నా లెక్కలు కాదు, మీవే. టీపీఏ దగ్గర ఇప్పటివరకు ఉన్న రిపోర్టు తెప్పించుకుని ఎర్న్‌డ్ ప్రీమియం మీద శాతం కట్టండి. పుట్టినతేదీలు ఆధార్ నుంచి ఎక్కించండి, రిజిస్టర్ నుంచి వద్దు. పాత రిజిస్టర్లలో అందరూ జనవరి 1నే పుట్టి ఉంటారు. వరుసల పట్టిక ఇప్పటికి ఒకటి, ఐదేళ్ల తర్వాతకి ఒకటి వేయండి. క్లెయిములను పనివారు, భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులుగా విడదీయండి. ఇదంతా అయ్యాక షెడ్డులోకి వెళ్లి, యాభై దాటిన ముగ్గురిని పక్కకు పిలిచి, అర్ధరాత్రి నొప్పి వస్తే ఏ ఆసుపత్రికి పోతారో అడగండి. ఆ మూడు పేర్లు జాబితాలో ఉన్నాయో లేవో రాసి పంపండి.