విశ్వవిద్యాలయ పాలక మండలికి పోటీ చేయదలచిన అధ్యాపకులకు

పాలక మండలిలోని అధ్యాపక స్థానాలకు ఎన్నికల ప్రకటన వెలువడగానే చాలామంది అభ్యర్థులు ప్రచారానికి దిగుతారు. అంతకంటే ముందు చేయవలసిన పని చదవడం. విశ్వవిద్యాలయ చట్టాన్ని, దాని కింద రూపొందిన స్టాట్యూట్లు, ఆర్డినెన్సులు అనే విశ్వవిద్యాలయ సొంత నియమాలను ఒక పూట కూర్చుని చదివితే ఓటర్లెవరో, పోటీకి అర్హులెవరో, పదవీకాలం ఎంతో, ఏ వర్గానికి ఎన్ని స్థానాలో తేలిపోతుంది. ఇవి అన్నిచోట్లా ఒకే తీరుగా ఉండవు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పాలక మండలి పాత్ర పోషించే కార్యనిర్వాహక మండలికి అధ్యాపకులు తమలో నుంచి ఇద్దరిని మాత్రమే ఎన్నుకుంటారు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోనైతే, విద్యార్థి సభ్యులు కాక, మండలికి 16 మంది ఎన్నికవుతారు. వారిలో 4 స్థానాలు కళాశాలల అధిపతులకు, 4 ప్రొఫెసర్లు, రీడర్ల (ప్రొఫెసరుకు ఒక మెట్టు దిగువ హోదా) వర్గానికి, 8 మిగిలిన ఓటర్లకు కేటాయించి ఉంటాయి. అధ్యాపక సభ్యులను ప్రభుత్వమో ఉపకులపతో నామినేట్ చేసే విశ్వవిద్యాలయాలూ ఉన్నాయి. అక్కడివారికి ఈ వ్యాసంతో పని లేదు.

అర్హత విషయంలో కొన్ని ప్రశ్నలను రిజిస్ట్రారు కార్యాలయాన్ని లిఖితపూర్వకంగా అడిగి, జవాబును కూడా లిఖితపూర్వకంగానే తీసుకోవడం మేలు. ప్రొబేషన్‌లో ఉన్నవారు, దీర్ఘకాలిక సెలవులోనో డెప్యుటేషన్ మీదనో ఉన్నవారు పోటీ చేయవచ్చా? పదవీకాలం మధ్యలో పదవీ విరమణ చేసేవారి స్థానం ఏమవుతుంది? డీన్ హోదాలో ఉన్నవారు ఆ హోదా వల్లనే మరో వర్గం కిందికి వస్తారా? నోటిమాటగా వచ్చిన జవాబు నామినేషన్ల పరిశీలన రోజున అక్కరకు రాదు.

ఆ తరువాత మండలి నిజంగా ఏ పని చేస్తుందో తెలుసుకోవాలి. పాఠ్యప్రణాళికలు, పరీక్షలు, డిగ్రీల ప్రమాణాలు సాధారణంగా అకడమిక్ కౌన్సిల్ లేదా సెనేట్ చూసుకునే విషయాలు. పాలక మండలి ముందుకు వచ్చేవి బడ్జెట్, ఆస్తులు, నియామకాల ఆమోదం, సేవా నిబంధనలు, క్రమశిక్షణ చర్యల వంటివి. గత రెండేళ్ల మినిట్స్ (సమావేశాల చర్చల, తీర్మానాల నమోదు), ఆడిట్ అయిన ఖాతాలు సంపాదించి చదవండి. ఆదాయంలో జీతాల వాటా ఎలా మారుతోంది, ఒక పనికని కేటాయించిన నిధి మరో పనికి మళ్లిందా, పింఛను బాధ్యతలకు ఎంత పక్కన పెట్టారు, మంజూరైన అధ్యాపక పోస్టుల్లో ఎన్ని ఖాళీగా ఉన్నాయి అన్నవి ముందుగా చూడవలసిన అంశాలు. ఆడిటరు ఒకే అభ్యంతరాన్ని ఏటేటా రాస్తున్నా మండలి దానిని చర్చించిన దాఖలా మినిట్స్‌లో కనిపించకపోతే, మీ అభ్యర్థిత్వానికి అంతకు మించిన విషయం మరొకటి దొరకదు.

పోటీకి దిగేముందు తేల్చుకోవలసిన మాట ఇంకొకటి ఉంది. అధ్యాపకుల ఓట్లతో గెలిచిన సభ్యుడు మండలిలో అధ్యాపకుల వకీలు కాడు. ఇంగ్లండులో విశ్వవిద్యాలయాలు ఎక్కువగా ధార్మిక సంస్థల హోదాలో ఉన్నందున మండలి సభ్యులను చట్టం ట్రస్టీలుగానే చూస్తుంది. వారి మొదటి బాధ్యత సంస్థ పట్ల. చట్టం ఇంత సూటిగా చెప్పని చోట కూడా ఆచరణలో నడిచేది ఇదే. తన సొంత జీతభత్యాలో పదోన్నతో చర్చకు వచ్చినప్పుడు సభ్యుడు ఆ ప్రయోజనాన్ని ముందే వెల్లడించి, నిబంధన కోరితే బయటికి వెళ్లాలి. గోప్యమని గుర్తించిన కాగితాన్ని మిత్రులకు చూపకూడదు. వీటికి మనసు ఒప్పనివారు అధ్యాపక సంఘంలో పదవికి పోటీ చేయడమే సబబు. అది చిన్న పని అని నా ఉద్దేశం కాదు. ఆ పనికి ఉన్న స్వేచ్ఛ ఈ పనికి లేదు, అంతే.

నామినేషన్ చిన్న కాగితమే అయినా, పొరపాట్లకు అందులోనే ఎక్కువ అవకాశం ఉంది. పేరు, హోదా, క్రమసంఖ్య ఓటరు జాబితాలో ఉన్నట్టే రాయాలి. ప్రతిపాదించేవారు, బలపరిచేవారు అదే నియోజకవర్గపు ఓటర్లై ఉన్నారో లేదో, ఒకే వ్యక్తి ఇద్దరు అభ్యర్థులను ప్రతిపాదించడాన్ని నిబంధనలు నిషేధిస్తాయో లేదో చూసుకోవాలి. వారిద్దరినీ మీ విభాగం నుంచే తీసుకోకుండా, ఒకరిని దూరపు విభాగం నుంచి ఎంచుకుంటే మీకు మీ వరండా దాటి మద్దతు ఉందని కాగితమే చెబుతుంది. గడువుకు ఒకటి రెండు రోజుల ముందే దాఖలు చేసి రశీదు తీసుకోండి.

ఓటర్లకు పంపే అభ్యర్థి ప్రకటన మీద మాత్రం సమయం ధారాళంగా వెచ్చించాలి, ఎందుకంటే మిమ్మల్ని ఎన్నడూ చూడని ఓటరుకు మీ గురించి తెలిసేది దాని ద్వారానే. ఇక్కడ అభ్యర్థులు సాధారణంగా తమ పరిశోధన పత్రాలను, అవార్డులను ఏకరువు పెడతారు. ఓటర్లలో చాలామందికి అవీ ఉన్నాయి కాబట్టి ఆ జాబితా ఎవరినీ కదిలించదు. “అధ్యాపకుల గొంతుక వినిపిస్తాను” అన్న వాక్యం ప్రతి ప్రకటనలోనూ ఉంటుంది, ఎవరూ చదవరు. దానికి బదులు, “మంజూరైన పోస్టుల్లో ఖాళీల వివరాలను ప్రతి సమావేశం ఎజెండాతో పాటు సభ్యులకు ఇవ్వాలని ప్రతిపాదిస్తాను” అని రాస్తే, మండలి పరిధిలో ఉన్న పని ఒకటి, అది జరిగిందో లేదో తరువాత చూసుకోగల కొలమానం ఒకటి ఓటరు చేతికి వస్తాయి. ఇలాంటి హామీలు రెండు మూడు చాలు. ఇరవై మందిలో ఒక్క ఓటున్న సభ్యుడు “సాధిస్తాను” అని రాయకూడదు. “ప్రతిపాదిస్తాను”, “అడుగుతాను”, “వ్యతిరేకిస్తాను” అన్నవే నిజాయితీగల క్రియలు.

ప్రచారంలో విభాగాలకు స్వయంగా వెళ్లి మాట్లాడడానికి మించిన పద్ధతి లేదు. అధికారిక ఈమెయిల్ జాబితాలను వాడుకోవడానికి అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోవాలి. మీ పర్యవేక్షణలో ఉన్నవారిని, మీరు పదోన్నతి సిఫారసు రాయవలసినవారిని ఓటు అడగకపోవడం మర్యాద మాత్రమే కాదు, మీ ఎన్నిక మీద రేపు ఎవరూ వేలెత్తి చూపకుండా ఉండే జాగ్రత్త కూడా. కాంట్రాక్టు అధ్యాపకులకు ఓటు హక్కు ఉన్న చోట వారి దగ్గరికి అభ్యర్థులెవరూ వెళ్లకపోవడం తరచు జరిగేదే. వెళ్లండి, వారు చెప్పేది రాసుకోండి.

ఓట్ల లెక్కింపు పద్ధతిని బట్టి మీరు అడగవలసిన మాట మారుతుంది. ప్రాధాన్య క్రమంలో ఓటు వేసి, ఓట్లను బదిలీ చేసే పద్ధతి ఉన్న చోట, 2 స్థానాలకు 300 చెల్లిన ఓట్లు పోలైతే 300ను 3తో (స్థానాల సంఖ్య కంటే ఒకటి ఎక్కువ) భాగించి 1 కలపగా వచ్చే 101 గెలుపు కోటా అవుతుంది. ఒక అభ్యర్థికి 131 మొదటి ప్రాధాన్య ఓట్లు వస్తే, మిగులుగా ఉన్న 30 ఓట్ల విలువ తరువాతి ప్రాధాన్యాలను బట్టి ఇతరులకు చేరుతుంది. కోటా ఎవరికీ అందనప్పుడు అందరికంటే తక్కువ ఓట్లున్నవారిని తొలగించి వారి ఓట్లను పంచుతారు. రెండో ప్రాధాన్యం రాయడం వల్ల మొదటి ప్రాధాన్యం పొందినవారికి నష్టమేమీ ఉండదు కనుక, మరొకరికి మాట ఇచ్చేసిన ఓటరును కూడా రెండో ప్రాధాన్యం నిస్సంకోచంగా అడగవచ్చు. అయితే మొదటి ప్రాధాన్య ఓట్లు మరీ తక్కువైతే రెండో ప్రాధాన్యాలు వచ్చి చేరేలోపే తొలగిపోతారు. ఎన్ని స్థానాలుంటే అన్ని ఓట్లు వేసే మామూలు పద్ధతిలో ఈ లెక్క పనిచేయదు. అక్కడ మీకు ఓటు వేసిన ఓటరు మరొకరికి వేసే రెండో ఓటు మీ మీదనే పోటీకి నిలుస్తుంది.

లెక్కింపు రోజున నియమాలు తెలిసిన ఏజెంటును పంపండి. సందేహాస్పదమైన బ్యాలెట్ల మీద అభ్యంతరమైనా, మళ్లీ లెక్కించమన్న అభ్యర్థనైనా ఫలితం ప్రకటించక ముందే చెప్పాలి.

గెలిచాక మొదటి సమావేశానికి ఎజెండా కాగితాలన్నీ చదివి వెళ్లి, ప్రశ్నలను ముందుగానే కార్యదర్శికి పంపితే సూటిగా జవాబు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఓడిపోయిన ప్రతి వాదనకూ అసమ్మతి నమోదు చేయిస్తే దాని విలువ పోతుంది కాబట్టి, సంస్థకు హాని అని మీరు గట్టిగా నమ్మిన తీర్మానాలకే దానిని పరిమితం చేయండి. నమోదు చేయించదలచినప్పుడు కారణాన్ని రెండు వాక్యాల్లో రాసి అక్కడికక్కడే ఇవ్వండి. తదుపరి సమావేశంలో మినిట్స్ ఆమోదానికి వచ్చినప్పుడు ఆ రెండు వాక్యాలు అలాగే ఉన్నాయో లేదో చూసుకున్నాకనే అంగీకారం తెలపండి.