బీరకాయ తొక్కు దాచే పద్ధతి

ఎర్రగడ్డ రైతు బజారు నుంచి బీరకాయలు తెచ్చిన ప్రతిసారీ తొక్కు చెత్తబుట్ట పాలయ్యేది. ఒక్క పూట తొక్కు పచ్చడికి చాలదు, పచ్చిదే దాచితే మెత్తబడి నీరు కారుతుంది.

ఇప్పుడు కాయను కడిగి, తడి తుడిచి, తొక్కు తీసిన రోజే అర చెంచా నూనెలో 5 నిమిషాలు వేయించి, చల్లారాక మూత డబ్బాలో ఫ్రిజ్‌లో పెడుతున్నాను. 3 రోజులు బాగానే ఉంటుంది. రెండు గుప్పెళ్లు కాగానే వేయించిన పచ్చిమిరపకాయలు 6, చిన్న ఉసిరికాయంత చింతపండు, అర చెంచా జీలకర్ర, ఉప్పు వేసి బరకగా నూరి పోపు పెట్టడమే. అమ్మమ్మ రోట్లో నూరేది; ఆ రుచి మిక్సీకి పూర్తిగా రాదు కానీ, ఆపి ఆపి తిప్పితే దగ్గరికి వస్తుంది.

ముందుగా కాయ ముక్క కొరికి చూడండి. చేదుగా ఉంటే తొక్కే కాదు, కాయ కూడా వాడకూడదు.