పిల్లలకు ఐరన్ సిరప్ పట్టించడం

సీసా మీద ముందు చూడాల్సింది ‘ఎలిమెంటల్ ఐరన్’ (మందులో ఉన్న అసలు ఇనుము) అంకె. రక్తహీనత ఉన్న పిల్లలకు డాక్టర్లు సాధారణంగా కిలో బరువుకు రోజుకు 3 మి.గ్రా. రాస్తారు. 12 కిలోల పాపకు 36 మి.గ్రా. అన్నమాట. 5 మి.లీ.లో 30 మి.గ్రా. ఉన్న సిరప్ అయితే 6 మి.లీ. చెంచాతో వద్దు, సిరంజితో కొలిచి బుగ్గ లోపలి వైపు పోయండి, పళ్లు నల్లబడవు. మలం నల్లగా వస్తుంది, భయం లేదు.

పరగడుపున ఇస్తే బాగా ఒంటబడుతుంది. కడుపులో తిప్పితే తిన్నాక ఇవ్వండి. పాలతో కలపొద్దు. కొన్ని ఇళ్లలో పిల్లలకూ చాయ్ అలవాటే, బిస్కెట్ ముంచి మరీ! మందుకు అటూ ఇటూ రెండు గంటలు చాయ్ ఆపాల్సిందే. నిమ్మరసం మేలు చేస్తుంది. రోజుకు అర లీటరు మించి పాలు తాగే పసివాళ్లలో అసలు కారణం తరచూ ఆ పాలే.

నెలకు హిమోగ్లోబిన్ సుమారు 1 గ్రాము పెరగాలి. మామూలుకు వచ్చాక కూడా రెండు మూడు నెలలు కొనసాగించాలి. చాలామంది మధ్యలోనే మానేస్తారు.

సరిగ్గా వేసినా పెరగలేదా? సీబీపీ (రక్తకణాల పరీక్ష) రిపోర్టులో ఎంసీవీని (ఎర్ర రక్తకణం సగటు పరిమాణం) ఆర్‌బీసీ సంఖ్యతో (ఎర్ర రక్తకణాల లెక్క, మిలియన్లలో) భాగించండి. 13 కన్నా తక్కువొస్తే తలసీమియా మైనర్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే హిమోగ్లోబిన్ లోపం, తేలికపాటిది) కావచ్చు. హిమోగ్లోబిన్ రకాలను చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష అడగండి.

సీసా తాళం వేసిన అల్మారాలో ఉంచండి. ఒకేసారి ఎక్కువ తాగితే ప్రాణాపాయం.