పాత ధాన్యం కొట్టును కమ్యూనిటీ హాలుగా మారుస్తున్నారా? గోడకి సిమెంటు ముట్టనివ్వకండి

మొన్నటి వానలకు మా పక్క ఊళ్లో పాత ధాన్యం కొట్టు గోడ రాత్రికి రాత్రే కూలిపోయింది. కొన్నేళ్ల కిందట ఊరంతా చందాలు వేసుకుని బాగుచేసి, అందులో లైబ్రరీ, పిల్లల ట్యూషన్లు పెట్టుకున్నారు. అదే పగలు పడి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయమేస్తోంది. వెళ్లి చూశాను. సిమెంటు పూత పలకలు పలకలుగా కింద పడి ఉంది, వెనక ఉన్న మట్టి మాత్రం చేత్తో తీస్తే ముద్దగా వచ్చింది, ఇటుకని గోటితో గీరితే పొడి రాలింది.

ఇలాంటి పని పెట్టుకున్నవాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి రాస్తున్నాను. కరెంటు ఆపడం, నిచ్చెన చూసుకోవడం లాంటివి మీకు తెలిసినవే, వదిలేస్తున్నా.

గోడ సంగతి

మన దేశంలో సిమెంటు ఉత్పత్తి నిలదొక్కుకున్నదే 1914లో, గుజరాత్‌లోని పోర్‌బందర్‌లో. అంతకుముందు పల్లెల్లో కట్టినవి దాదాపు అన్నీ సున్నం గోడలు, లేదా మట్టి గోడలు, ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు అంతే. అలాంటి గోడ నేలలోంచి చెమ్మ పీల్చుకుని గాలికీ ఎండకీ వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మకి బయటికి దారి ఉండదు, లోపలే పైపైకి ఎక్కుతుంది, దాంతోపాటు వచ్చిన ఉప్పు పూత వెనకే పేరుకుని ఇటుకని తినేస్తుంది, గోడలోకి దిగిన దూలం కొన పుచ్చిపోతుంది. పైకి మాత్రం గోడ నున్నగా, కొత్తగా కనిపిస్తుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

మేస్త్రీ "ఈ రోజుల్లో సున్నం ఎవరు చేస్తారండీ, సిమెంటు కొడితే రాయిలా ఉంటుంది" అంటాడు. ఒప్పుకోకండి. రాయిలా ఉండటమే ఇక్కడ సమస్య. గానుగ సున్నం పని తెలిసిన మనిషి దొరికేదాకా ఆగండి, అవసరమైతే ఒక ఏడాది ఆగండి. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి పలచటి పూతలుగా వెయ్యాలి, ఎండ తగలకుండా తడి గోనె పట్టాలు కట్టాలి, జూన్ వానలకి చాలా ముందే పని ముగించాలి.

అటక సంగతి

"ఒకప్పుడు అన్ని బస్తాలు మోసింది కదా" అని జనాన్ని పైకి ఎక్కించకండి. బస్తాలు కదలవు, జనం కదులుతారు. కట్టడాల మీద పడే బరువులకి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 875 ప్రకారం ఇంటి గదికి చదరపు మీటరుకి సుమారు 200 కిలోలు లెక్క వేస్తే, బిగించిన కుర్చీలు లేని సభా హాలుకి 500 కిలోలు వెయ్యాలి. స్ట్రక్చరల్ ఇంజనీరు దూలం కొనల దగ్గర గోడ విప్పి, లోపల చూసి సంతకం పెట్టాలి. కింద నిలబడి చూసి పెట్టిన సంతకం పనికిరాదు.

ఇక మిగిలినవి, తోచిన వరసలో:

ముందు పైకప్పు, తర్వాతే గోడలు. పెంకుల్లోంచి కారుతుంటే కింద చేసిన పనంతా వృథా.

మూలల్లో పాత డబ్బాలు, బిళ్లలు కనిపిస్తే చెయ్యి పెట్టకండి, నీళ్లు అసలే చల్లకండి. ధాన్యానికి పురుగు పట్టకుండా పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలైతే తడి తగిలితే విషవాయువు వస్తుంది, మనిషి ప్రాణం తీస్తుంది. తెలిసినవాళ్లని పిలవండి.

రాతి సున్నం తడిపేటప్పుడు సలసల కాగుతుంది. కళ్లద్దాలు లేకుండా ఎవరూ దగ్గరికి రావద్దు. పిల్లలు అసలే వద్దు.

గబ్బిలాల రెట్ట పొడిగా ఊడవకండి. తడిపి, మాస్కు పెట్టుకుని తియ్యండి, అదీ ఆ బిళ్లలు లేవని తేల్చుకున్నాకే.

పాత రేకులు ఆస్బెస్టాస్‌వి అయితే కొయ్యకండి, పగలగొట్టకండి.

కొట్టుకి ఒకటే తలుపు ఉంటుంది. హాలుకి రెండు కావాలి, బయటికి తెరుచుకునేవి. కొత్త తలుపు కోసం గోడ కొట్టేముందు పైబరువుకి ఆసరా పెట్టండి.

గోడ చుట్టూ సిమెంటు చప్టా వెయ్యకండి. లోపల గోడ అంచుదాకా టైల్స్ పరచకండి. నేలలో చెమ్మకి అప్పుడు గోడ ఒక్కటే దారి అవుతుంది.

పగుళ్లలో కూడా సిమెంటు కుక్కకండి. "కొంచెమే కదా" అన్నా సరే, వద్దు.

ఇప్పటికే ఎవరో సిమెంటు పూసేసి ఉంటే ఒక్కసారిగా మొత్తం పీకకండి. గోడకి ఊతం పెట్టి, కొద్దికొద్దిగా విప్పి, ఆరనిచ్చి, సున్నం పెట్టండి.

ప్రారంభోత్సవం తేదీ ముందే ప్రకటించకండి. తేదీ దగ్గరపడి టెన్షన్ మొదలైతే మళ్లీ సిమెంటు బస్తాలే దిగుతాయి. రంగు వేసేటప్పుడూ అంతే: ప్లాస్టిక్ ఎమల్షన్ వద్దు, వెల్ల వేయించండి, గోడ పూర్తిగా ఆరాకే.