యాత్రికుడి డాక్యుమెంటరీ – 6వ పాఠం: దారిలోని గొంతులు

పోయిన పాఠంలో "రఫ్ కట్‌లో (చిత్రం తొలి కూర్పులో) ఎవరెవరున్నారో లెక్కపెట్టండి" అంటే చాలామంది తలకాయలు లెక్కపెట్టారు. సవర గిరిజనులు పదకొండుమంది, మత్స్యకార ఆడవాళ్ళు ఏడుగురు, ఒడియావాళ్ళు నలుగురు, ఇంకేం, అందరూ వచ్చేశారని. లెక్కపెట్టాల్సింది ఒక్కో గొంతు వినిపించే సెకన్లు.

మన అభ్యాస చిత్రం ఇచ్ఛాపురం నుంచి సాలూరు దాకా జీవితమంతా సైకిలు మీద తిరిగిన తాత కథ. నిడివి 24 నిమిషాలు, అంటే 1,440 సెకన్లు. లెక్క ఇలా తేలిందనుకోండి: తాత 610, వ్యాఖ్యాత 420, సంగీతం, చక్రం చప్పుడు 315. దారి పొడుగునా తాతకి చోటిచ్చినవాళ్ళందరికీ కలిపి మిగిలింది 95. అందులో ఆడగొంతు 15. ఏడుగురు ఆడవాళ్ళు కనిపించి ఏం లాభం?

గళ్ళ కాగితం తీసుకోండి. గడికి 5 సెకన్లు, గొంతుకో రంగు. మొత్తం 288 గళ్ళు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మార్కర్లతోనూ అవుతుంది గానీ, నాకు కాగితమే ఇష్టం. గోడకి అంటిస్తే తాత రంగు ఎంత మేర పాకిందో దూరం నుంచే తెలుస్తుంది.

మైకు పెట్టడం, తెర మీద పేరు పట్టీ వెయ్యడం మీకొచ్చు. తాతకి పేరు వేసి పక్కనున్నామెకి "గిరిజన మహిళ" అని మాత్రం వెయ్యకండి. పేరు అడగండి, వెయ్యొచ్చా అనీ అడగండి.

ఇక నాకు ఒళ్ళు మండే తప్పు. పలాస దగ్గర ఒకామె ఇలా అందనుకుందాం: "ఎండనపడి ఒచ్చినాడు, అంబలి పోసినాను. ఏ ఊరని అడగనేదు." దీన్ని తగ్గించి వ్యాఖ్యాత "అలసి వచ్చిన బాటసారికి ఆమె ఆతిథ్యమిచ్చింది" అంటాడు. ఎండ పోయింది, అంబలి పోయింది. అన్నిటికన్నా విలువైనది, ఊరు అడక్కపోవడం, అదీ పోయింది. గాలిహోరుకి మాట వినపడకపోతే తెర కింద అక్షరాలు (సబ్‌టైటిళ్ళు) వెయ్యండి, కానీ "అడగనేదు"ని "అడగలేదు" అని దిద్దొద్దు. ఇంకోటి: ఆమె తెలుగుకి అక్షరాలు వేస్తే తాత తెలుగుకీ వెయ్యాలి. ఒకరికే వేస్తే ఆమెది అర్థంకాని భాష అని మీరే ముద్ర వేసినట్టు. రెండు వరసలు మించొద్దు, ఒక్కోటి కనీసం 2 సెకన్లు నిలవాలి.

సవరతో చిక్కు వేరు. అది ముండా కుటుంబం భాష. తెలుగు వచ్చినంత మాత్రాన ఊహించి అర్థం చెప్పలేం. పర్లాకిమిడిలో ఉండి గిడుగు రామమూర్తి పంతులు ఏళ్ళ తరబడి నేర్చుకున్న భాష అది. ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. సీతంపేట కొండల్లో తీసిన మాటలకి తాతనే దుబాసీగా కూర్చోబెట్టకండి. తన గురించి వాళ్ళన్నది తనే చెబితే, తిట్టు కూడా దీవెనైపోతుంది. సవర మాట్లాడే ఇద్దరికి విడివిడిగా వినిపించి రాయించండి. ఇద్దరూ కలవని చోట మాట్లాడినవాళ్ళ దగ్గరికే తిరిగి వెళ్ళండి.

అభ్యాసం: ఏదైనా 3 నిమిషాల ముక్కలో వ్యాఖ్యానం మొత్తం తీసెయ్యండి. అది చెబుతున్న ప్రతి విషయాన్నీ తాత కాక ఇంకొకరి నోట చెప్పించండి, కావాలంటే మళ్ళీ వెళ్ళి తీసుకురండి. కింది అక్షరాల ఫైలు యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో భద్రపరచండి, లేకపోతే తెలుగు బదులు ప్రశ్నార్థకాలొస్తాయి.