తెరలకు తగిన డిజైన్ – 4వ పాఠం: ఉన్న చోటును బట్టి అమరిక

గత పాఠంలో ఒక గ్రంథాలయ యాప్‌ను ఉదాహరణగా తీసుకుని, పాఠకుడు అందులో చేసే పనులను, అంటే పుస్తకాన్ని వెతకడం, దాని వివరాలు చదవడం, తన పేరిట రిజర్వు చేసుకోవడం, తీసుకున్న పుస్తకానికి గడువు పొడిగించుకోవడం వంటివాటిని ప్రాధాన్య క్రమంలో కాగితం మీద రాసుకున్నాం. ఈ పాఠంలో ఆ పనులకు తెర మీద చోటు కేటాయిస్తాం. చాలామంది ఈ దశకు రాగానే ఫోన్‌కు ఒక బొమ్మ, ట్యాబ్లెట్‌కు ఒక బొమ్మ, బ్రౌజర్‌కు ఒక బొమ్మ గీసి, ఆ మూడింటినీ మూడు వేరు యాప్‌లుగా పెంచుకుంటూ పోతారు. మనం ఆ దారిన వెళ్లం.

పరికరం పేరు తెలిసినంత మాత్రాన మనకు దక్కే చోటు ఎంతో తెలియదు. ఒకే తెరను రెండు యాప్‌లకు పంచే సౌకర్యం ఐప్యాడ్‌లోకి 2015లో ఐఓఎస్ 9తోనూ, ఆండ్రాయిడ్‌లోకి 2016లో 7.0 వెర్షన్‌తోనూ వచ్చింది. అప్పటి నుంచి పెద్ద ట్యాబ్లెట్‌లో తెరిచిన యాప్‌కు కూడా ఒక్కోసారి ఫోన్ వెడల్పే మిగులుతోంది. బ్రౌజర్ కిటికీని ఎవరైనా సగానికి కుదించవచ్చు. చూపు సరిగా ఆనని పాఠకుడు 1280 పిక్సెళ్ల వెడల్పున్న కిటికీలో పేజీని 400 శాతానికి పెంచితే, మన పేజీకి దక్కేది 320 పిక్సెళ్లే. అడ్డంగా స్క్రోల్ చేయనవసరం లేకుండా పాఠ్యమంతా ఆ 320లోనే అమరాలని వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాలు (వైకల్యం ఉన్నవారూ వెబ్‌ను వాడగలిగేలా రూపొందించినవి) కోరడానికి కారణం ఇదే. కాబట్టి డిజైనర్ అడగవలసిన ప్రశ్నలు రెండు: ఇప్పుడు ఎంత వెడల్పు ఉంది, పాఠకుడు దేనితో తాకుతున్నాడు?

పిక్సెల్ లెక్క

ఇక్కడ పిక్సెల్ అంటున్నది తెర మీది భౌతికమైన చుక్కను కాదు, వెబ్ పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ భాషలోని కొలత అయిన సీఎస్ఎస్ పిక్సెల్‌ను. 390 పిక్సెళ్ల వెడల్పు గల ఫోన్‌లో సాంద్రత మూడు రెట్లయితే, అసలు చుక్కలు 1170 ఉంటాయి. అమరికను 390తోనే లెక్కించాలి, బొమ్మలను మాత్రం 1170కి సరిపడేంత స్పష్టంగా సిద్ధం చేయాలి. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్ తెర వెడల్పు 320 పిక్సెళ్లు. అప్పటి వెబ్ పేజీలు కంప్యూటర్ కోసమే తయారైనవి కనుక, అందులోని సఫారీ ప్రతి పేజీ వెడల్పునూ 980గా ఊహించుకుని, దాన్ని కుదించి చూపేది. నేటి ఫోన్ బ్రౌజర్లు కూడా వ్యూపోర్ట్ ట్యాగ్ (పేజీని తెర అసలు వెడల్పుకు అమర్చమని బ్రౌజర్‌కు చెప్పే కోడు) లేని పేజీని ఇంచుమించు ఇలాగే చూపుతాయి. ఆ ఒక్క ట్యాగ్‌ను మరిచిపోతే మీరు రాసిన మీడియా క్వెరీలేవీ (వెడల్పును బట్టి అమరికను మార్చే నియమాలు) ఫోన్‌లో అనుకున్నట్టు పనిచేయవు. అందుకే అమరిక ఫోన్‌లో చెదిరినప్పుడు ముందుగా చూడవలసింది దాన్నే.

ఇరుకు నుంచి మొదలు

మొబైల్‌కే మొదటి పీట వేయాలన్న సూత్రాన్ని డిజైనర్ లూక్ రోబ్లెవ్‌స్కీ 2009లో ప్రతిపాదించారు. దాని బలం ఇరుకులో ఉంది. 320 పిక్సెళ్ల వెడల్పులో అన్నిటికీ చోటు చాలదు కనుక, ఏది ముఖ్యమో తేల్చక తప్పదు. మన యాప్‌లో వెతుకులాట ఫలితాల జాబితాను తీసుకోండి. ఒక్కో పుస్తకానికి ముఖచిత్రం, పేరు, రచయిత, ప్రచురణ సంవత్సరం, ప్రస్తుతం అందుబాటులో ఉందా లేదా అన్న సమాచారం ఉన్నాయి. కంటికి ఇంపుగా ఉంటుందని ముఖచిత్రానికి సగం వెడల్పు ఇచ్చి, అందుబాటు సమాచారాన్ని లోపలి తెరకు నెట్టిన యాప్‌లు చాలా ఉన్నాయి. నా దృష్టిలో అది పాఠకుడికి చేసే అన్యాయం. అతను వచ్చిందే ఆ పుస్తకం దొరుకుతుందో లేదో తెలుసుకోవడానికి. పేరు, రచయిత, అందుబాటు ఈ మూడూ జాబితాలోనే కనబడాలి. ముఖచిత్రం పేరును గుర్తుపట్టడానికి సాయపడేంత చిన్నదిగా ఉంటే చాలు. ప్రచురణ సంవత్సరం వివరాల తెరలోకి వెళ్లవచ్చు.

అలా వెళ్లడానికీ పూర్తిగా తీసివేయడానికీ చాలా తేడా ఉంది. ఫోన్‌లో చూసేవారికి తక్కువ సమాచారం చాలునని అనుకోకండి. ఎంతోమందికి ఫోన్ ఒక్కటే కంప్యూటర్. గడువు పొడిగించుకునే సౌకర్యం బ్రౌజర్‌లో ఉండి ఫోన్‌లో లేకపోతే, వారి వరకు ఆ సౌకర్యం లేనట్టే. వరుస మారవచ్చు, ఒక తాకుడు అదనంగా అవసరం కావచ్చు, పని మాత్రం అన్నిచోట్లా పూర్తికావాలి.

తెలుగు అక్షరాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. గుణింతాలు పైకీ ఒత్తులు కిందికీ పెరుగుతాయి కనుక, వరుసల మధ్య ఎత్తును ఆంగ్ల అక్షరాలకు సరిపడినంతే ఉంచితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. అక్షర పరిమాణానికి ఒకటిన్నర రెట్లు ఎత్తుతో మొదలుపెట్టి, రెండేసి ఒత్తులున్న మాటలతో పరీక్షించండి.

వెడల్పు పెరిగే కొద్దీ

2010 మేలో వెబ్ డిజైనర్ ఈథన్ మార్కాట్ రెస్పాన్సివ్ వెబ్ డిజైన్‌ను, అంటే తెర వెడల్పును బట్టి మారే అమరికను ప్రతిపాదిస్తూ, సాగే గ్రిడ్ (పేజీని నిలువు పట్టీలుగా విభజించే చట్రం), సాగే బొమ్మలు, మీడియా క్వెరీలు అనే మూడింటిని కలిపి చూపించారు. నేటికీ పునాది అదే. అమరిక మారవలసిన చోట్లను, అంటే బ్రేక్‌పాయింట్లను, మార్కెట్లో ఉన్న ఫోన్ల కొలతలను బట్టి ఎంచుకోకండి. ఇరుకైన అమరికను బ్రౌజర్‌లో తెరిచి, కిటికీ అంచును పట్టుకుని మెల్లగా లాగుతూ పోండి. వరుస మరీ పొడవై, చదివే కన్ను తిరిగి తరువాతి వరుస మొదలును వెతుక్కునే స్థితి ఎక్కడ వస్తే అక్కడ ఒక బ్రేక్‌పాయింట్ పెట్టండి. వరుసకు 80 అక్షరాలు మించకపోవడం మంచిది. ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు 600, 840 డీపీల (తెర సాంద్రతతో నిమిత్తం లేని కొలత) వద్ద గీతలు గీస్తాయి. మొదటి అంచనాకు అవి పనికొస్తాయి, తుది మాట మాత్రం మీ పాఠ్యానిదే.

అసలు చిక్కు ఆ రెండో గీత దగ్గర ఎదురవుతుంది. ఇరుకులో జాబితా ఒక తెర, వివరాలు మరో తెర. వెడల్పులో రెండూ పక్కపక్కన ఉంటాయి. బొమ్మ గీయడం తేలిక. ఒక స్థితి నుంచి మరో స్థితికి మారే క్షణంలో ఏం జరగాలన్నదే కష్టమైన నిర్ణయం. ట్యాబ్లెట్‌ను అడ్డంగా పట్టుకుని ఒక పుస్తకం వివరాలు చదువుతున్న పాఠకుడు దాన్ని నిలువుగా తిప్పాడనుకోండి. ఇప్పుడు ఒక భాగానికే చోటుంది. అతను పుస్తకాన్ని ఎంచుకుని ఉన్నాడు కనుక వివరాలే కనబడాలి, జాబితాకు తిరిగి వెళ్లే బాణం గుర్తు అప్పుడే పుట్టుకురావాలి, దాన్ని తాకితే జాబితా అతను విడిచిన చోటనే తెరుచుకోవాలి. మళ్లీ అడ్డంగా తిప్పితే ఆ బాణం అనవసరం. జాబితాలో ఎంచుకున్న పుస్తకం ఏదో తెలిసేలా గుర్తు ఉండాలి. ఏదీ ఎంచుకోనప్పుడు కుడిభాగం ఖాళీగా ఉంటుంది కాబట్టి అక్కడ ఏం చేయాలో చెప్పే ఒక వాక్యం రాయాలి. బ్రౌజర్‌లోనైతే ప్రతి పుస్తకానికీ సొంత చిరునామా ఇవ్వాలి. అది లేకపోతే వెనుకకు బటన్ నొక్కిన పాఠకుడు జాబితాకు బదులు యాప్ నుంచే బయటపడతాడు. ఈ మార్పులన్నిటినీ బొమ్మల పక్కనే వాక్యాలుగా రాసి ఇవ్వండి. ప్రోగ్రామరు ఊహకు వదిలిన చోటే తప్పులు పుడతాయి.

అదే పుస్తకం కార్డు, అంటే ఒక పుస్తకం సమాచారాన్ని చూపే చిన్న పెట్టె, ఇరుకైన ఎడమభాగంలోనూ వెడల్పైన పేజీలోనూ వస్తుంది కదా. 2023 నాటికి ప్రధాన బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చిన కంటెయినర్ క్వెరీలతో, ఆ కార్డు మొత్తం కిటికీని కాక తాను ఉన్న భాగం వెడల్పును చూసుకుని తన అమరికను మార్చుకోగలదు.

వేలు, మౌస్

గురి చిన్నదై దూరంగా ఉంటే దాన్ని చేరడానికి ఎక్కువ సమయం పడుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ 1954లోనే సూత్రీకరించారు. ఆపిల్ 44 పాయింట్లు (తన పరికరాలకు వాడే అలాంటి కొలత), ఆండ్రాయిడ్ 48 డీపీలు కనీస తాకుడు పరిమాణంగా సూచిస్తాయి. 2023 అక్టోబరులో వెలువడిన వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాల 2.2 వెర్షన్ కొన్ని మినహాయింపులతో 24 పిక్సెళ్ల కనీస పరిమితి పెట్టింది. దాన్ని లక్ష్యంగా పెట్టుకోకండి, అది దాటి కిందికి పోకూడని గీత మాత్రమే.

వెడల్పు పెద్దది కాబట్టి మౌస్ ఉంటుందని, చిన్నది కాబట్టి వేలే తాకుతుందని నిర్ణయించకండి. కీబోర్డు, ట్రాక్‌ప్యాడ్ తగిలించిన ట్యాబ్లెట్లూ ఉన్నాయి, తాకే తెర గల ల్యాప్‌టాప్‌లూ ఉన్నాయి. మౌస్‌ను పైకి తెచ్చినప్పుడే కనబడే బటన్ వేలితో తాకేవారికి ఎప్పటికీ కనబడకపోవచ్చు కనుక, రిజర్వు బటన్‌ను అలా దాచకూడదు.

దాన్ని ఎక్కడ పెట్టాలి? మొబైల్ డిజైన్ నిపుణుడు స్టీవెన్ హూబర్ 2013లో ప్రచురించిన పరిశీలనలో, 1,333 సందర్భాలను గమనించగా, తెరను తాకుతూ వాడుతున్నవారిలో సుమారు 49 శాతం మంది ఫోన్‌ను ఒంటిచేత్తో వాడుతూ కనిపించారు. అందువల్ల ఫోన్‌లో ఆ బటన్‌కు బొటనవేలు సులువుగా అందే కింది భాగం తగినది. ఆ బటన్ ఉన్న కింది పట్టీని వెడల్పైన కిటికీలో ఈ చివరి నుంచి ఆ చివరి వరకు సాగదీస్తే బటన్ తన పుస్తకానికి దూరమైపోతుంది. అక్కడ దాన్ని పుస్తకం పేరు కిందనే ఉంచాలి. రెండు చేతులతో పట్టుకున్న ట్యాబ్లెట్‌లో బొటనవేళ్లు పక్క అంచులకు తేలికగా అందుతాయి, కింది భాగం నడుమకు అందవు.

వెతికే పెట్టెలో అక్షర పరిమాణాన్ని 16 పిక్సెళ్ల కంటే తగ్గించకండి. తగ్గితే ఐఫోన్ సఫారీ ఆ పెట్టెను తాకగానే పేజీని పెద్దది చేస్తుంది, పాఠకుడు దాన్ని మళ్లీ సరిచేసుకోవలసి వస్తుంది.

అభ్యాసం

గ్రంథాలయ యాప్ జాబితాను, వివరాలను 320 పిక్సెళ్ల వెడల్పుకు కాగితం మీద గీయండి. తరువాత అదే కాగితాన్ని పక్కన పెట్టుకుని 700, 1100 వెడల్పులకు గీసి, ఒకదాని నుంచి మరొకదానికి మారేటప్పుడు ఏ వస్తువు ఎక్కడికి కదిలిందో, ఏ బటన్ పుట్టిందో, ఏది పోయిందో ఒక్కో వాక్యంలో రాయండి. 320లో ఉన్న ఏ పనైనా 1100లో దొరకకపోయినా, 1100లో ఉన్నది 320లో లేకపోయినా ఆ అమరికను తిరిగి గీయండి. ఇంటర్నెట్ నెమ్మదించినప్పుడు, వెతికిన పుస్తకం దొరకనప్పుడు తెర ఏం చూపాలో తదుపరి పాఠంలో ఈ బొమ్మల మీదనే చర్చిస్తాం కనుక, వీటిని భద్రపరచుకోండి.