ఫోన్ గేమ్ గాలం పోటీలో చేప ఏ క్షణంలో తప్పిపోతోంది: సమస్య - పరిష్కారం

పోయిన ఎండాకాలం సెలవులకు మా అక్క కొడుకు కరీంనగర్ నుంచి హనుమకొండ వచ్చాడు. వాడు ఫోన్‌లో స్టార్‌డ్యూ వ్యాలీ అనే పొలం ఆట ఆడతాడు, అందులో చేపలు కూడా పట్టొచ్చు. రెండో రోజు పొద్దున్నే మొహం మాడ్చుకుని నా దగ్గరికొచ్చాడు. "మామా, ఆటల మంచు పండుగ వచ్చింది. చేపలు పట్టుడు పోటీ. నాలుగుసార్లు మళ్ళ మళ్ళ ఆడిన, నాలుగుసార్లు ఓడిన. ఫోనే మంచిగ లేదు."

నేను ఫోన్ అడగలేదు. పక్కన కూచుని, "నువ్వే ఆడు, నేను చూస్తా" అన్నాను. రెండు నిమిషాల్లో సంగతి తెలిసిపోయింది. వాడి చేప ప్రతిసారీ ఒకే చోట తప్పించుకుంటోంది. చేప తగిలిన వెంటనే వాడి బొటనవేలు గోరు తెల్లబడేంత గట్టిగా స్క్రీన్‌ను ఒత్తుతోంది. తప్పు ఫోన్‌ది కాదు.

"చేపలు దొరకట్లేదు" అంటే ఒక్క సమస్య అనుకుంటాం కానీ అందులో మూడు ఉన్నాయి. గాలం వేశాక చేప రాకపోవడం ఒకటి. వచ్చినప్పుడు మనం లాగడం ఆలస్యం కావడం రెండోది. తగిలాక చివర్లో పారిపోవడం మూడోది. మూడింటికీ మందు వేరు. ఒకదాని మందు ఇంకోదానికి వాడితే డబ్బు, టైము రెండూ పోతాయి. అందుకే ఏమీ కొనకముందు ఫోన్‌లో స్క్రీన్ రికార్డింగ్ ఆన్ చేసి ఒక్క పోటీ ఆడండి. తర్వాత వీడియో చూస్తూ, పోయిన ప్రతి చేప పక్కన అది ఈ మూడింట్లో ఎక్కడ పోయిందో కాగితం మీద గీత పెట్టండి. ఎక్కువ గీతలు ఎక్కడుంటే మీ పని అక్కడ మొదలవుతుంది.

"చేప తగిలిన సంగతే తెలియట్లేదు"

వడ్డేపల్లి చెరువు గట్టు మీద గాలం వేసే ఒక పెద్దాయన దగ్గర చిన్నప్పుడు గంటల కొద్దీ కూచునేవాణ్ణి. "బెండు ఊగంగనే గుంజకు. మునిగినంక గుంజు" అనేవాడు. అసలు చెరువులో చేప ముందు ఎరను ముక్కుతో పొడిచి చూస్తుంది. అప్పుడే లాగితే ఎర మాత్రమే చేతికొస్తుంది. ఆ అలవాటు ఉన్నవాళ్ళు ఈ ఆటలో ఆలస్యం చేస్తారు, ఎందుకంటే ఇక్కడ పొడిచి చూడటం అనేది లేదు. ఆటలో మన బొమ్మ తల మీద ఆశ్చర్యార్థకం గుర్తు వచ్చిందంటే బెండు మునిగినట్టే. ఆ గుర్తుతో పాటు ఒక చప్పుడు వస్తుంది. సెకను కూడా గడవకుండానే నొక్కాలి.

ఇక్కడ తప్పిపోతుంటే కారణం చాలావరకు చెవిలోనే ఉంటుంది. ఫోన్ మ్యూట్‌లో పెట్టి ఆడేవాళ్ళు కంటి మీదే ఆధారపడతారు. కన్ను కాస్త పక్కకు పోతే చేప పోయినట్టే. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. వాటిలో శబ్దం కొంచెం ఆలస్యంగా చెవికి చేరుతుంది. పాటలకు ఆ తేడా తెలియదు కానీ గాలానికి తెలుస్తుంది. పోటీ ఆడేటప్పుడు ఫోన్ స్పీకరే పెట్టుకోండి, లేదంటే వైర్ ఉన్న ఇయర్‌ఫోన్స్ వాడండి. ఆటలో పాట సౌండ్ తగ్గించి మిగతా శబ్దాలు పెంచితే ఆ చప్పుడు విడిగా వినిపిస్తుంది.

"ఆకుపచ్చ పట్టీ కింద పడి బంతిలా ఎగురుతోంది"

మా వాడి జబ్బు ఇదే. నాకు తెలిసినంతలో ఎక్కువమంది ఓడేది కూడా ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

చేప తగలగానే నిలువుగా ఒక డబ్బా వస్తుంది. అందులో చేప బొమ్మ పైకీ కిందికీ తిరుగుతుంటుంది. మన ఆకుపచ్చ పట్టీ దాని మీద ఉన్నంతసేపూ పక్కనున్న గీత నిండుతుంది, పక్కకు తప్పితే తగ్గుతుంది. పూర్తిగా నిండితే చేప మనది. నొక్కితే పట్టీ పైకి, వదిలితే కిందికి. ఇంతవరకు అందరికీ తెలుసు.

తెలియాల్సింది ఇంకోటుంది. పట్టీకి బరువుంది, ఊపు ఉంది. వేలు నొక్కి పట్టుకుంటే అది ఒకే వేగంతో పోదు, వేగం పెరుగుతూ పోతుంది. చేప దగ్గరికి రాగానే వేలు తీసినా ఆ ఊపుకు చేపను దాటిపోతుంది. భయపడి పూర్తిగా వదిలేస్తే అదే ఊపుతో కిందికి పడి, అడుగున తగిలి మళ్ళీ పైకి ఎగురుతుంది. మనం వెంటనే మళ్ళీ గట్టిగా నొక్కుతాం. ఇక పట్టీ ఒక దిక్కు, చేప ఒక దిక్కు.

పరిష్కారం రెండు చిన్న అలవాట్లు. మొదటిది, నొక్కి పట్టుకోవద్దు, తట్టండి. చంటిపిల్లను జోకొట్టినట్టు టప్ టప్‌మని చిన్నగా తడుతుంటే పట్టీ ఉన్నచోటే నిలుస్తుంది. రెండోది, పట్టీ కిందికి పడుతున్నప్పుడు అడుగు తగిలే ముందే ఒకసారి తట్టండి. దాని ఊపు తగ్గి ఎగరకుండా ఆగుతుంది. ఇది ఒక్కటి వస్తే సగం ఆట వచ్చినట్టే.

సాధన సులువైన చేపల మీద చేయాలి. ఆటలో కొండ మీది చెరువులో కార్ప్ అనే చేప దొరుకుతుంది. చేపల కష్టం కొలిచే అంకె దానికి 15. ట్రౌట్ డెర్బీ అనే ఇంకో పోటీలో పట్టే రెయిన్‌బో ట్రౌట్‌కు 45, సముద్రంలో దొరికే స్క్విడ్‌కు 75. చలికాలంలో ఆ చెరువులో కార్ప్ రాదు కాబట్టి శరదృతువు అయిపోకముందే ఈ పని పూర్తి చేసుకోండి. మా వాడికి నేను పెట్టిన పని ఒకటే: కార్ప్‌ను పట్టకున్నా ఫరవాలేదు, పట్టీని డబ్బా మధ్యలో పది లెక్కపెట్టేవరకు నిలబెట్టాలి. మొదట మూడు అంకెలు కూడా రాలేదు. సాయంత్రం వాళ్ళమ్మ ఫోన్ చేసేసరికి పదిహేను దాకా వచ్చాడు.

"పట్టీ మరీ చిన్నగా ఉంది"

ఇది మీ చేతి తప్పు కాదు. ఫిషింగ్ లెవెల్ పెరిగేకొద్దీ పట్టీ పెరుగుతుంది. లెవెల్ సున్నాలో 96 పిక్సెల్‌లు, ఒక్కో లెవెల్‌కు 8 చొప్పున కలిసి లెవెల్ 10 దగ్గర 176. దాదాపు రెట్టింపు.

మొదట్లోనే కష్టంగా ఉంటే ఆటలో గాలాలమ్మే విల్లీ కొట్లో 25 బంగారాలకు (ఆటలో డబ్బు అదే) ట్రైనింగ్ రాడ్ అనే గాలం కొనండి. లెవెల్ అయిదు లోపు ఉన్నవాళ్ళకు అది పట్టీని లెవెల్ అయిదంత చేస్తుంది. దానికి మామూలు చేపలే పడతాయి, ఎర కూడా తగిలించలేం. అయినా నేర్చుకునేవాళ్ళకు ఆ గాలం కొన్న డబ్బు వృథా కాదని గట్టిగా చెప్పగలను.

ఒకటి గుర్తుంచుకోండి. మంచు పండుగ పోటీలో మన గాలం చెల్లదు, వాళ్ళిచ్చిన గాలమే వాడాలి. ఖరీదైన ఇరిడియం రాడ్ కొని ధీమాగా వెళ్ళేవాళ్ళు అక్కడ దెబ్బతింటారు. లెవెల్ మాత్రం మనతోనే వస్తుంది. కాబట్టి ఆ పోటీ కోసమైతే 7,500 బంగారాల ఆ గాలం కొనడం కాదు, అంతకుముందు మూడు ఋతువుల్లో చేపలు పట్టి లెవెల్ పెంచుకోండి.

"అన్నీ పడుతున్నాయి, అయినా రెండు నిమిషాల్లో నాలుగే"

మంచు పండుగ చలికాలం 8వ తేదీన. పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 2 లోపు ఆటలోని సిండర్‌సాప్ అడవిలోకి వెళ్ళాలి. మేయర్ లూయిస్‌తో మాట్లాడితే పోటీ మొదలవుతుంది. టైము రెండు నిమిషాలు. ఒక్కరే ఆడుతుంటే అయిదు చేపలు చాలు, గెలుపు మీదే. అంటే ఒక్కో చేపకు 24 సెకన్లు. ఈ లెక్క ముందే తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది.

నాలుగు దగ్గర ఆగిపోయేవాళ్ళ తప్పు గాలం విసరడంలో ఉంటుంది. మామూలు రోజుల్లో దూరం విసిరితే మంచి రకం చేప వస్తుంది కాబట్టి మీటర్ నిండేదాకా నొక్కి పట్టుకునే అలవాటు పడుతుంది. ఇక్కడ చేప పెద్దదా చిన్నదా ఎవరూ చూడరు, లెక్క ఒక్కటే. మీటర్ నింపడానికి, గాలం ఎగిరి పోవడానికి, మళ్ళీ వెనక్కి రావడానికి పోయేదంతా మన టైమే. నీళ్ళలో పడేంత దూరం విసిరితే చాలు. ఒక చేప మొండికేసి గీత అడుగంటుతుంటే దానితో పెనుగులాడకండి, పోనివ్వండి. అది పోయినా లెక్కలోంచి ఏమీ తగ్గదు, టైము మాత్రం మిగులుతుంది.

"వేలు పెట్టినా ఫోన్ తీసుకోవట్లేదు"

నిజంగా ఫోన్ తప్పు ఉండేది తక్కువ, కానీ ఉంటుంది. మే నెలలో మా ఇంట్లో కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే అరచేతులు తడిసిపోతాయి. తడి వేలును స్క్రీన్ ఒకటికి రెండుసార్లు తీసుకుంటుంది, లేదా అసలు తీసుకోదు. పక్కన పొడి గుడ్డ పెట్టుకుని ప్రతి చేప తర్వాత వేలు, స్క్రీన్ రెండూ తుడవండి.

ఛార్జర్ పెట్టి ఆడకండి. నాసిరకం ఛార్జర్ తగిలించి ఉంటే కొన్ని ఫోన్లలో మనం ముట్టకుండానే స్క్రీన్ ముట్టినట్టు అవుతుంది. పట్టీ దానంతట అదే ఎగిరితే ముందు వైరు పీకి చూడండి. నాది స్క్రీన్ గ్లాస్ బాధ. ఒక దుకాణంలో వేయించుకున్న మందపాటి గ్లాస్ అంచుల్లో లేచి, కుడివైపు కింద తాకితే పనిచేసేది కాదు. గ్లాస్ తీసేశాక బాగైంది. బ్యాటరీ సేవర్ కూడా ఆపేయండి. దాంతో చాలా ఫోన్లలో కదలిక తెగి తెగి కనిపిస్తుంది.

నెట్ స్లో అని మాత్రం అనుకోకండి. ఈ ఆట ఒక్కరే ఆడటానికి నెట్ అక్కర్లేదు. అందుకే పోటీకి ముందు ఏరోప్లేన్ మోడ్ పెట్టేయండి. చేప తగిలిన క్షణంలో ఫోన్ రావడం, మెసేజ్ పైనుంచి జారి పట్టీని కప్పేయడం, రెండూ ఉండవు. ఇంట్లోవాళ్ళకు అయిదు నిమిషాలని చెప్పి పెట్టండి.

"గాలం వేసి ఎంతసేపు కూచున్నా చేప రావట్లేదు"

ఇది మంచు పండుగ కన్నా ట్రౌట్ డెర్బీలో బాధిస్తుంది. డెర్బీ ఎండాకాలం 20, 21 తేదీల్లో. సిండర్‌సాప్ అడవిలో రెయిన్‌బో ట్రౌట్ పట్టాలి. కొన్ని చేపలతో పాటు గోల్డెన్ ట్యాగ్ వస్తుంది. దాన్ని అక్కడి స్టాల్‌లో ఇస్తే బహుమతి ఇస్తారు. ప్రతి చేపకూ ట్యాగ్ రాదు కాబట్టి ఎక్కువ చేపలు పట్టడమే దారి.

చేప రావడం ఆలస్యమైతే కారణం చాలావరకు ఎర లేకపోవడమే. వెదురు గాలానికి ఎర పట్టదు. లెవెల్ 2లో దొరికే 1,800 బంగారాల ఫైబర్‌గ్లాస్ రాడ్ కావాలి. గనుల్లో పురుగులను చంపితే వచ్చే బగ్ మీట్ ఒకటితో అయిదు ఎరలు చేసుకోవచ్చు. లెవెల్ 6 చేరినవాళ్ళు బైట్ మేకర్ అనే యంత్రంలో ఒక రెయిన్‌బో ట్రౌట్ వేస్తే ఆ చేపకే ప్రత్యేకమైన ఎర తయారవుతుంది. డెర్బీకి అంతకన్నా మంచి ఏర్పాటు లేదు.

ఒక జాగ్రత్త. ఆటలో 20వ తేదీ శనివారం. వాన పడకపోతే విల్లీ శనివారాలు కొట్టు తెరవడు. కొనేవన్నీ 19న సాయంత్రం 5 లోపు కొనేయండి. మృగశిర కార్తె నాడు చేపల మార్కెట్‌కు మధ్యాహ్నం పోతే ఏం మిగులుతుందో ఓరుగల్లు వాళ్ళకు చెప్పక్కర్లేదు.

"అసలు డెర్బీ స్టాలే కనిపించట్లేదు"

మీ ఆట పాతది. ట్రౌట్ డెర్బీ, స్క్విడ్‌లు పట్టే స్క్విడ్‌ఫెస్ట్ రెండూ 1.6 వెర్షన్‌లో వచ్చాయి. అది ఫోన్లకు 2024 నవంబరులో వచ్చింది. అప్‌డేట్ చేయండి, పాత పొలం అలాగే ఉంటుంది.

"మధ్యాహ్నానికే ఓపిక అయిపోతోంది"

ఒక్కో విసురుకు లెవెల్ సున్నాలో 8 ఓపిక ఖర్చవుతుంది. మొదట్లో మనకుండేది 270. అంటే 33 విసుర్లు. పొద్దున మొక్కలకు నీళ్ళు పోసి వస్తే ఇంకా తక్కువ. డెర్బీ రోజు పొలం పని పెట్టుకోకండి. ఆటలో సెలూన్ అనే హోటల్లో 220 బంగారాలకు సలాడ్ దొరుకుతుంది, తింటే ఓపిక వస్తుంది; రెండు మూడు సంచిలో వేసుకుని బయల్దేరండి.

"స్క్విడ్ ఎప్పుడూ అడుగుకే పోతోంది"

స్క్విడ్‌ఫెస్ట్ చలికాలం 12, 13 తేదీల్లో సముద్రం ఒడ్డున. ఇక్కడ ఎన్ని పడితే అంత మంచి బహుమతి. మంచు పండుగ గెలిచినవాళ్ళు కూడా ఇక్కడ తడబడతారు, ఎందుకంటే స్క్విడ్ కిందికి లాగే రకం. మామూలు చేపకు డబ్బా మధ్యలో కాపు కాసినట్టు దీనికి కాస్తే కుదరదు. పట్టీని కింది సగంలోనే ఉంచి, అది పైకి వచ్చినప్పుడు మాత్రమే వెంట పోయి మళ్ళీ దిగిపోవాలి. అడుగున పట్టీ ఎగరడం ఇక్కడ ఎక్కువ నష్టం చేస్తుంది. ఇరిడియం రాడ్ ఉంటే లెవెల్ 6 తర్వాత విల్లీ దగ్గర 200 బంగారాలకు దొరికే లెడ్ బాబర్ గాలానికి తగిలించండి. అది బరువై పట్టీని అడుగున ఎగరనివ్వదు. అప్పటికీ చేప జారిపోతుంటే 500 బంగారాల ట్రాప్ బాబర్ మంచిది, పట్టీ తప్పినా గీత మెల్లగా తగ్గుతుంది. ఒకటే పెట్టగలిగితే స్క్విడ్‌కు నా ఓటు లెడ్ బాబర్‌కే.

మా వాడు అయిదో రోజు మంచు పండుగ గెలిచాడు. మొదటిసారి గెలిస్తే వచ్చే నావికుడి టోపీ ఆటలో బొమ్మకు పెట్టి స్క్రీన్‌షాట్ పంపాడు. దాంతో పాటు గాలానికి తగిలించే డ్రెస్డ్ స్పిన్నర్, బార్బ్‌డ్ హుక్ కూడా వచ్చాయి. మొన్న కరీంనగర్ నుంచి ఫోన్ చేసి, "మామా, గా హుక్ స్క్విడ్‌కు పెట్టాల్నా?" అని అడిగాడు. బార్బ్‌డ్ హుక్ పట్టీని చేపకు అంటుకునేలా లాగుతుంది. అలవాటు లేని చేతికి ఆ లాగుడు అడ్డమవుతుంది. ముందు లెడ్ బాబర్‌తో 12వ తేదీ ఆడి, రికార్డింగ్ నాకు పంపమన్నాను. అది చూశాక 13కు ఏది పెట్టాలో ఇద్దరం తేల్చుకుంటాం.